విప్పని ఫిల్టర్

గాలి శుభ్రం చేసే మెషిన్ వెనక మూత ఊడి నా చేతిలోకి వచ్చింది. నా కూతురు ఊరు వదిలి వెళ్ళేదాకా దాని మంచం పక్కన రాత్రీ పగలూ తిరిగిన ఆ మెషిన్‌లో ఫిల్టర్ ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంది.

చలి తగ్గింది కదా, తుడిచి అటకెక్కిద్దామని వంచానంతే. సంచి తళతళమంటోంది. లోపల ఫిల్టర్ తెల్లగా, విప్పని కొత్త బట్టలా ఉంది. 

మా ఊరి చుట్టూ కొండలు. చలికాలం రాత్రిళ్ళు కొండల మీది చల్లగాలి జారి వచ్చి ఊరి అడుగున చేరుతుంది. దాని మీద వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. ఇటుక బట్టీల పొగ, లారీల పొగ పైకి పోయే దారి లేక మా ముక్కుల్లోకే వస్తుంది. ఎండాకాలపు గాలులు ఆ మూత తీస్తాయి, వానలు కడుగుతాయి. స్కూల్లో పిల్లలకు ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వేవారు. "భూగోళం టీచరుగారూ, పాఠం అయిపోతే కాస్త టీ పెడతారా?"

మెషిన్ తెచ్చింది ఆయనే, బిగించిందీ ఆయనే. "నువ్వు దీని జోలికి రాకు. మిక్సీ మూతే సరిగ్గా పెట్టడం రాదు నీకు." దాని మీద ఎర్రలైటు ఎప్పుడూ మారేది కాదు. అడిగితే, "కష్టపడుతోందన్నమాట" అన్నారు. ఎంత కష్టపడినా మెప్పు రాకపోవడం నాకు కొత్త కాదు గనక నమ్మేశాను.

పాపని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. పిచ్చుక దగ్గు మాత్రం తగ్గలేదు. దగ్గి దగ్గి అలిసిపోయి నా మెడ పట్టుకుని నిద్రపోయేది. తెల్లారకముందే లేచి తడిగుడ్డతో ఇల్లంతా తుడిచేదాన్ని. స్కూలు నుంచి వచ్చి మళ్ళీ తుడిచేదాన్ని. కిటికీ రెక్కల సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. చేతులు పగిలాయి. అత్తయ్య బల్ల మీద వేలితో గీసి, ఆ వేలు ఆయనకు చూపించేవారు. మాట ఆవిడ అనక్కర్లేదు, ఆయన అనేవారు. "అంత పోసి మెషిన్ కొన్నా తగ్గలేదంటే లోపం ఎక్కడుందో తెలియట్లేదా?" డాక్టరు ముందు కూడా అన్నారు. "ఈవిడకి ఉద్యోగమండీ. ఇల్లు పట్టదు." డాక్టరు నావైపు ఒకసారి చూసి మందులు రాశాడు. నిజంగానే ఏ మూలో వదిలేస్తున్నానేమోనని ఆరోజు ఇంటికొచ్చి బీరువా వెనక కూడా తుడిచాను.

చివరికి ఆయన అక్క వచ్చి పిచ్చుకను సముద్రం ఒడ్డున ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ పొగ నిలవదు. ఆ సాయంత్రమే కరెంటు దండగని ఆయన మెషిన్ ఆపేశారు. మొన్న ఫోన్లో పిచ్చుక గొంతు తేటగా ఉంది.

"అమ్మా, ఇల్లు తుడవడం వచ్చేసిందా నీకు? వచ్చాక పంపిస్తానంది అత్త."

నేర్చుకుంటున్నానమ్మా అన్నాను. 

సంచిని వెలుతురులోకి తిప్పి చూశాను. ఒక మూల బ్లేడుతో పెట్టిన గాటు ఉంది. ఎవరో కోయబోయి ఆగిపోయారు. ఈ ఇంట్లో మెషిన్‌ను ముట్టుకునే చెయ్యి ఒక్కటే.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫిల్టర్ భోజనాల బల్ల మీద ఉంది. పక్కనే సర్దిపెట్టుకున్న నా బ్యాగు. చూసి, చెప్పులు విప్పడం మధ్యలో ఆపేశారు.

"ఓ, ఇదా. సంచి తీయాలని ఆ షాపువాడు చెప్పొద్దూ?"

"తెలియక వదిలేశారనే అనుకుందును. ఈ గాటు లేకపోతే."

లోపలి గదిలో అత్తయ్య టీవీ మోత తగ్గింది.

"పొద్దున బస్సుకి వెళ్తున్నాను. పిచ్చుకను తెచ్చుకుంటాను. దాన్ని ఎందుకు పంపామో దానికి నిజం చెప్పాలి. ఎప్పుడు చూశారు దీన్ని?"

"మెల్లగా. అమ్మ వింటుంది."

"విననివ్వండి."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. నా మొహంలోకి చూడకుండా, బల్లకేసి చూస్తూ చెప్పారు.

"అక్క రావడానికి ముందురోజు చూశాను. కోయబోయాను. అప్పటికే అమ్మతో, అక్కతో, ఆ డాక్టరుతో తప్పంతా నీదేనని చెప్పేసి ఉన్నాను. సంచి తీసేస్తే పాపకి దగ్గు తగ్గేది. తగ్గితే ఎలా తగ్గిందని అందరూ అడుగుతారు. నీ ముందు వెర్రివాడిలా నిలబడటం నావల్ల కాలేదు. దానికంటే పాపని పంపించెయ్యడమే తేలికనిపించింది."