పూజ లైవ్ పోతాండంగ

మారుతికి ఆ కబురు అందేటప్పటికి బిషప్ గారు సత్ప్రసాదం పంచుతా ఉన్నారు.

అనంతపురంలో ఆ పొద్దు గురుపట్టాభిషేకం. ఒక పిల్లోడు కొత్తగా ఫాదర్ అవుతున్నాడు. చర్చి మైదానంలో షామియానా కింద జనం కిక్కిరిసి కూర్చున్నారు. క్యాథలిక్ చర్చి వాళ్ళ సొంత టీవీ ఛానెల్లో అది లైవ్. మూడు కెమెరాలు పెట్టినారు. రెండోది మారుతిది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టినవాడు, చాలా ఏండ్లుగా ఈ ఛానెల్లో పని చేస్తున్నాడు. పూజలో జనం ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు మోకరిస్తారో, ఏ పాట తర్వాత ఏమొస్తుందో అన్నీ తెలుసు. ఇంటికి పోతే శనివారం వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొడతాడు. దాని గురించి ఛానెల్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

జేబులో ఫోన్ వణికింది. ఎత్తలేదు. మళ్ళీ వణికి ఆగిపోయి, మెసేజ్ వచ్చిన చప్పుడైంది. ఎడమ చేత్తో ఫోన్ సగం బయటికి లాగి చూసినాడు. చెల్లెలు సునంద.

"నాయన పోయినాడు అన్నా. బిర్న రా."

చదివి, ఫోన్ లోపలికి తోసేసినాడు. హెడ్‌సెట్‌లో ఉదయ్ కుమార్ మాట్లాడుతున్నాడు. వ్యాన్‌లో కూర్చొని, ఏ కెమెరా బొమ్మ జనానికి పోవల్లనో తేల్చేది అతనే.

"కెమెరా టూ, ఆ ముసలామె మీదికి పో. మెల్లగా. ఆ, అట్లే పట్టుకో."

మారుతి పట్టుకున్నాడు. ముసలామె కండ్లు మూసుకొని సత్ప్రసాదానికి నోరు తెరిచింది. బొమ్మ స్పష్టంగా ఉంది. తన చెయ్యి వణకడం లేదని మారుతి చూసుకున్నాడు. ఇంకెవరి చెయ్యో చూసినట్లే ఉంది.

పూజ అయినాక సన్మానాలు, ఫోటోలు, ఉపన్యాసాలు. అన్నీ తీసినాడు. కేబుళ్ళు చుట్టినాడు. ఆ తర్వాత, ఛానెల్ చూసుకునే ఫాదర్ బాలస్వామి దగ్గరికి పోయినాడు.

"ఫాదర్, నేను ధర్మవరం పోవల్ల. మా నాయన చనిపోయినాడు."

ఫాదర్ చేతిలో మిఠాయి పొట్లం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టల్లనో తెలియక అట్లే పట్టుకొని నిలబడినాడు.

"ఎప్పుడు మారుతీ?"

"పూజ జరుగుతాంటే."

"అప్పుడే చెప్పకూడదా? ఆ కెమెరా ఎవరో ఒకరు పట్టుకుందురు గదయ్యా."

"లైవ్ పోతాండె గదా ఫాదర్."

అసలు కారణం అది కాదని మారుతికి తెలుసు. ఛానెల్ జీపులో ధర్మవరం పోతా, మరి అసలు కారణమేందని వెతుక్కున్నాడు. ఏదీ దొరకలేదు. రోడ్డుకు రెండు పక్కలా శెనక్కాయ చేన్లు ఎండిపోయి ఉన్నాయి. గొర్రెలను తోలేసినారు చేన్లలోకి. డ్రైవరు ఒకటి రెండుసార్లు ఇతని తట్టు చూసి, పాట ఆపేసినాడు.

ఇంట్లో నాయన ఆదెన్నను వసారాలో పండబెట్టినారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మగ్గం దిగిపోయి టీవీ ముందర కూర్చునేవాడు. చూసేది చర్చి ఛానెలే. అందులో ఒక్క ప్రార్థన కూడా ఆయనకు రాదు. కొడుకు తీస్తాడని చూసేది. సాయంత్రం ఫోన్ చేసి, "ఈ పొద్దు నువ్వు తీసింది యాదిరా?" అని అడిగేవాడు. "ఏదో ఒకటిలే నాయనా" అనేవాడు మారుతి.

అమ్మ నాగలక్ష్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు రాసుకుపోయింది.

"మీ నాయన నీ పూజే సూస్తాండెరా. ఆ పిల్లోడు తెల్లగుడ్డలు కట్టుకోని నేల మీద బోర్లా పండుకున్నాడు సూడు, అప్పుడు. 'ఏమే, ఈ పిల్లోడు ఎంతసేపు పండుకుంటాడు? లేపేవాళ్ళు లేరా?' అన్న్యాడు. నేను కండెలు సుడతా, 'నాకేం తెలుసయ్యా' అంటి. మళ్ళ సూస్తే తల వాలిపోయిండాది. టీవీలో ఆ పిల్లోడు ఇంగా పండుకోనే ఉండాడు."

ఆ బొమ్మ మారుతి తీసిందే. ఫాదర్ కాబోయేవాడు పీఠం ముందర బోర్లా పండుకుంటే, పునీతులనే పాతకాలపు మహాత్ముల పేర్లన్నీ వరసగా పాడతారు. "టూ, నీదే పోతాండాది, కదలద్దు" అన్నాడు ఉదయ్. కదలలేదు.

అమ్మకు ఆ మాట చెప్పలేదు. "నీళ్ళు తాగినావామ్మా?" అని అడిగినాడు.

శ్మశానంలో పెద్దలు చెప్పినవన్నీ చేసినాడు. కుండ ఎత్తుకొని తిరిగినాడు, నిప్పు పెట్టినాడు. చిన్నాయన కొడుకు ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తాంటే, అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడినాడు. జరిగినాక గానీ తెలియలేదు, ఆ వీడియోలో ఉండాల్సింది తనేనని.

"ఏడ్చు నాయనా, లోపల పెట్టుకోవద్దు" అనింది మేనత్త.

"ఊఁ" అన్నాడు.

పెద్దకర్మ అయినాక, గుండుతో మళ్ళీ ఆఫీసుకు పోయినాడు. ఉదయ్ కుమార్ టీ తెచ్చిచ్చి, పక్కన కూర్చొని అడిగినాడు.

"పట్టాభిషేకం ఆదివారం మళ్ళీ వెయ్యల్లప్పా. నిడివి తగ్గించల్ల. నన్ను చెయ్యమంటావా?"

"నేనే చేస్తాలే."

పునీతుల పాట దగ్గరికి వచ్చినాడు. మళ్ళీ వేసేటప్పుడు దాన్ని ఎప్పుడూ కత్తిరిస్తారు. ఈసారి మారుతి మొదట పూర్తిగా చూసినాడు. తివాచీ మీద తెల్లని వీపు. ఊపిరికి గుడ్డ కొంచెం లేస్తాంది, దిగుతాంది. పాట పోతానే ఉంది. ఎక్కడో ఈ పాట మధ్యలోనే నాయన పోయినాడు. బొమ్మలో ఎక్కడా ఏ తేడా లేదు. రెండు చోట్ల గుర్తు పెట్టి, కొంచెం ఉంచి, మిగతాది తీసేసినాడు. టీ చల్లారిపోయింది. తాగేసినాడు.

తర్వాతి వారం రాయదుర్గం చర్చిలో పండగ తియ్యను పోయినారు. జీన్స్ కుట్టే యూనిట్లు ఆ పొద్దుకు సెలవిచ్చినారు, జనం బాగా వచ్చినారు. పొద్దుటి పూజ అయినాక చర్చి వెనకాల రేకుల కింద అన్నాలు పెట్టినారు. వడ్డించే ముసలామె మారుతి గుండు చూసి, అతని ముందర ఆగింది.

"తిరపతికి పోయింటివా అప్పా?"

"లేదమ్మా. మా నాయన చచ్చిపోయినాడు."

ఆమె చేతిలో గరిటె అట్లే ఆగిపోయింది. అయ్యో అనలేదు. దేవుని మాట ఎత్తలేదు. బకెట్ కింద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఎట్లాటోడప్పా మీ నాయన?"

ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకు. మారుతి తల వంచుకొని అన్నం కెలికినాడు.

"మగ్గం నేస్తాండె," అన్నాడు. "కోపం జాస్తి. పోగు తెగితే ఇంట్లో అందరినీ తిట్టేవాడు. పచ్చిమిరక్కాయ ఉప్పులో అద్దుకోని తినేవాడు. అమ్మ వద్దంటే దాచిపెట్టుకోని తినేవాడు."

"మా ఆయనా అంతే," అనింది ముసలామె.

"నాకు సైకిల్ నేర్పిచ్చినాడు. వెనకాల పట్టుకోని ఉండానని చెప్పి, ఎప్పుడో వదిలేసిండె."

గొంతు మామూలుగానే ఉంది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొంతసేపు చూసినాడు. రాలేదు. ఎండకు రేకులు టపటపమంటాండాయి. పక్క వరసలో ఎవరో సాంబారు కోసం కేక వేసినారు. ముసలామె లేవలేదు.

మారుతికి ఉన్నట్టుండి ఆకలైంది.

"ఇంకొంచెం అన్నం పెట్టమ్మా," అన్నాడు.