అట్ట మీది పేరు

"కూరలో ఉప్పెక్కువైంది. నీ ధ్యాసంతా ఎక్కడుంది?" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా.

ఆమె మజ్జిగ గిన్నె అతని ముందుకు జరిపింది. మొన్న ఆదివారం ఇదే కూరను స్నేహితులు లొట్టలేసుకుంటూ తింటే, "మా ఇంట్లో వంటంటే ఇలాగే ఉంటుంది మరి" అని మీసం దువ్విన మనిషే ఇతను. పిల్లకి మార్కులు తగ్గితే నీ కూతురు, ఫస్టొస్తే మా నాన్న పోలిక. బాగుంటే మాది, చెడితే నీది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ పంపకం ఒక్కరోజూ తప్పలేదు. గిన్నెలు తోముతూ అదే అనుకుంటుంటే ఆఫీసు ఫైల్లో ఉన్న ఒక ఉత్తరం గుర్తొచ్చింది. చేతులకి నురగ అలాగే ఉంది, కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి, ఆమె మాత్రం కదలడం మర్చిపోయింది.

లైబ్రరీలో ఆమె క్యాటలాగరు, అంటే రచయితల పేర్లు తేల్చే పని. ఒకే రచయిత ఒక పుస్తకం మీద ఇంటిపేరుతో, ఇంకోదాని మీద పొడి అక్షరాలతో, మరోదాని మీద కలం పేరుతో కనిపిస్తాడు. వాటిలో ఒక్కటి ఖాయం చేసి, మిగతా పేర్లతో వెతికేవాళ్లకి "ఫలానా పేరు చూడండి" అని దారి చూపించాలి. రెండేళ్ల కిందట ఆ రూల్సన్నీ మారిపోయాయి. ముప్ఫై ఏళ్ల జాబితా తిరగరాయాలి, శాఖలన్నిటికీ అర్థమయ్యేలా ఒక గైడు కావాలి అన్నారు పై ఆఫీసువాళ్లు. ఆ గైడు ఆమె రాసింది. మధ్యాహ్నం ఒక చేత్తో తింటూ, ఇంట్లో బట్టలు నానేలోగా కాసేపు, పిల్ల చదువుకుంటుంటే పక్కన కూర్చుని కాసేపు, మొత్తం రెండువందల పది పేజీలు.

పోయిన వారం అది అచ్చయి వచ్చింది. అట్ట మీద లైబ్రేరియన్ పేరుంది. అట్ట తప్ప లోపలి పేజీ ఎరగడని సిబ్బంది ఆయన్ని చాటుగా అట్టల సారు అంటారు. ముందుమాటలో బైండింగు చేసినతనికి కూడా పేరుపెట్టి కృతజ్ఞతలు చెప్పాడు. ఆమెను "మా సిబ్బంది"లో కలిపేశాడు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంట్లో చెబితే భర్త, "పేరేమన్నా కూడు పెడుతుందా? జీతం వస్తోందిగా" అన్నాడు. అత్తగారు మాత్రం టీ చల్లార్చుకుంటూ, "సొమ్మొకడిది, సోకొకడిది" అని గొణిగింది.

ఇప్పుడు గుర్తొచ్చిన ఉత్తరం నిరుటిది. గైడు చిత్తుప్రతి చూసి తప్పులున్నాయని పై ఆఫీసు మండిపడింది. తప్పులు కావని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు గానీ, ఈలోగా అట్టల సారుకి చెమటలు పట్టాయి. ఆదరాబాదరా జవాబు పంపాడు: "ఇందులో ఒక్క అక్షరం కూడా నేను రాయలేదు. మొదటినుంచి చివరిదాకా మా క్యాటలాగరే రాశారు. లోపాలకు పూర్తి బాధ్యత ఆమెదే." కింద సంతకం, ఆఫీసు ముద్ర.

కొత్త పుస్తకం ఏదొచ్చినా నమోదు చేసేది ఆమే గనక ఈ గైడు కూడా ఆమె బల్ల మీదికే వచ్చింది. మర్నాడు ఉదయం కుర్చీ దగ్గరకు లాక్కుని, రచయిత అనే గడిలో తన పేరు కొట్టింది. ఎంతమంది పేర్లో ఖాయం చేసిన మనిషి తన పేరును అక్షరం అక్షరం సరిచూసుకుంది. ఆధారం అనే గడిలో ఆ ఉత్తరం నంబరు, తేదీ వేసింది. సారు పేరు కొట్టేయలేదు, రూలు ఒప్పుకోదు. ఆ పేరుతో వెతికేవాళ్లు తన పేరు దగ్గరకొచ్చేలా దారి పెట్టింది. ఉత్తరం నకలు జతచేసి, సరిచూడమని పై ఆఫీసుకి పంపింది. రెండు రోజుల్లో ఆమోదం వచ్చింది, శాఖలన్నిటి తెరల మీదా మారిపోయింది.

అట్టల సారు పిలిపించాడు. "ఏంటమ్మా ఇది? అట్ట మీద నా పేరుంటే కంప్యూటర్లో మీ పేరొస్తోంది."

"నలభై ఏడో పేజీ చూడండి సార్."

ఆయన ఆ పుస్తకాన్ని తెరవడం అదే మొదలు, పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పైకి చదివాడు: "అట్ట మీది పేరు సరికాదని రాతపూర్వకంగా రుజువైతే, నిజంగా రాసినవారి పేరు కిందే నమోదు చేయాలి." ముఖం ఎర్రబడింది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

ఆమె ఉత్తరం నకలు బల్ల మీద పెట్టింది. "మీరే చెప్పారు కద సార్."

ఆయన సంతకం ఆయనే చూసుకున్నాడు. పుస్తకం మూసి పక్కకు నెట్టాడు. మెట్లు దిగుతుంటే ఆమెకు నవ్వొచ్చింది, ఎన్నాళ్ల తర్వాతో.

సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. అత్తగారు రెండుసార్లు చెప్పించుకుంది. భర్త వెంటనే స్నేహితుడికి ఫోను కలిపాడు. "మా ఆవిడ పుస్తకం రాసిందిరా. రాసిందంటే ఊరికే రాసిందా, నేనే దగ్గరుండి రాయించా."

ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఆధారం ఏదన్నా ఉందా?" అని అడిగింది.

ఫోన్లో అవతలి మనిషి హలో, హలో అంటూనే ఉన్నాడు.