ద్రాక్షగుత్తి ఐసు

పరమేశ్ ట్రాలీ ఆటోను వెనక్కి తిప్పి సూపర్ మార్కెట్ మెట్లకు ఆనించి ఆపాడు. దిగకుండానే పైకి చూసి మొహం చిట్లించుకున్నాడు. మూడంతస్తుల భవనం నెత్తిన ఎర్రటి అక్షరాలతో అన్న పేరు ఉంది: జనార్ధన్ కాంప్లెక్స్. అక్షరాల చుట్టూ పట్టపగలే లైట్లు వెలుగుతున్నాయి. ఎండలో అవి ఎవరికీ కనబడవన్న సంగతి కూడా ఆ పెద్దమనిషికి తట్టినట్టు లేదు.

కిరాయి ఎవరిదని ఆలోచిస్తే బండి నడవదు. మేడ్చల్‌లో కొత్తగా తెరిచే కొట్టుకు మంచినీళ్ల డబ్బాలు దింపాలన్నారు, తెచ్చాడు. దింపేసి పోవాలి, లోపల అడుగు పెట్టకూడదు అనుకున్నాడు. అనుకున్నట్టు జరిగితే అది పరమేశ్ బతుకెందుకవుతుంది? చివరి డబ్బా దింపేలోగా గాజు తలుపు తెరుచుకుని తల్లి లక్ష్మమ్మ మెట్ల మీదికి వచ్చింది.

"పరమేశా! గీడిదాక వచ్చి గడప తొక్కవారా? లోపలికి రా."

"బండి అడ్డమున్నదమ్మా. పోవాలె."

"బండి ఏడికి పోదు. నలుగురి ముందట చేతులు జోడించాల్నా నీకు?"

తల్లి నిజంగానే చేతులు జోడించే మనిషి. మెట్ల మీద జనం అప్పటికే చూస్తున్నారు. పరమేశ్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని లోపలికి నడిచాడు. అన్న కోసం కాదు, అమ్మ కోసం అని నలుగురికీ తెలిసేట్టు ఆమె వెనకే నడిచాడు.

అన్నదమ్ముల మధ్య ఈ పగ ద్రాక్షపండుతో మొదలైంది. అత్వెల్లి దగ్గర వాళ్ల నాయిన గండయ్యకు అనాబ్ రకం ద్రాక్షతోట ఉండేది. వరసగా రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి కట్టిన పందిరి. జనార్ధన్ పట్నంలో డిగ్రీ చదివితే, పరమేశ్ ఏడో తరగతిలోనే బడి మానేసి ఆ పందిరి కిందే పెద్దవాడయ్యాడు. కోత ఎప్పుడన్నది మాత్రం గండయ్య నాలుక చెప్పేది. గుత్తి కొసన ఉన్న పండు అన్నిటికన్నా ఆలస్యంగా పండుతుంది. దాన్ని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "కొయ్యిండ్రి" అంటే కోత. ద్రాక్షను కోసిన తరవాత మగ్గబెట్టడం అంటూ ఉండదు. తీగ మీద ఎంత తీపి పడితే అంతే.

గండయ్య పోయాక కొడుకులిద్దరూ అస్థికలు తీసుకుని కాశీ వెళ్లారు. గంగలో మునిగి లేచాక అక్కడి పంతులు, ఆనవాయితీ ప్రకారం, చెరో పండు విడిచిపెట్టమన్నాడు. జనార్ధన్ ఏమాత్రం తడుముకోకుండా అంజీర పండు అన్నాడు. వాళ్లింట్లో అంజీర పండు మొహం చూసినవాడే లేడు. అది విని పరమేశ్‌కు ఒళ్లు మండింది. తండ్రికిచ్చేది ఇలాగేనా? "నేను ద్రాక్ష విడుస్తున్న" అన్నాడు గట్టిగా, అన్నకు వినబడేట్టు. నాయిన ప్రాణమంతా ఆ పండులోనే ఉండేది కనక దాన్నే ఆయనకిచ్చేశానని చెప్పుకున్నాడు. నిజానికి అందులో సగం భక్తి, సగం రోషం.

ద్రాక్ష పండించేవాడు ద్రాక్ష విడిచిపెడితే ఏమవుతుందో ఎండాకాలం మొదట్లో గాని తెలిసిరాలేదు. పందిరి నిండా కాపు వేలాడుతోంది, నోట్లో వేసుకుని చూడ్డానికి లేదు. తండ్రి తరవాత రుచి చూసే హక్కు పెద్దకొడుకుది. పరమేశ్ కబురు పెట్టాడు. జనార్ధన్ స్కూటర్ మీద వచ్చి, నోట్లోని జర్దా పాన్ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించి, కొస పండు ఒకటి తిని, "తియ్యగున్నదిరా, కోపియ్యి" అన్నాడు. పరమేశ్ కోయించాడు. మార్కెట్లో ఏజెంటు ఒక పండు కొరికి తూ అని ఉమ్మాడు. లోడుకు లోడు వెనక్కి వచ్చింది. తీగ మీద మిగిలిందేమీ లేదు.

ఏడాది తిరక్కుండానే జనార్ధన్ "తోట కిట్టుబాటు గాదు, ప్లాట్లు జేద్దాం" అన్నాడు. పందిరి కూలింది. ఆ కడీలే ప్లాట్లకు హద్దురాళ్లయ్యాయి. అప్పటి నుంచి పరమేశ్‌ది ఒకటే మాట. పండు పుల్లగా ఉందని తెలిసే వాడు తియ్యగుందన్నాడు, తోట ముంచడానికే అన్నాడు. ఆ మాట గౌడవెల్లిలో చెప్పాడు, అలియాబాద్ చుట్టాలింట్లో చెప్పాడు, కల్లు దుకాణాల్లో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. జనార్ధన్ మాత్రం, "నా నోటికి తియ్యగనే తాకింది, అమ్మ తోడు" అనేవాడు. సగం ఊరు వీణ్ని నమ్మింది, సగం ఊరు వాణ్ని నమ్మింది. పదేళ్లు దాటింది. పరమేశ్ అన్న ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు, ద్రాక్షపండూ ముట్టలేదు. ఆ పగా ఆ ఒట్టూ తప్ప అతనికి సొంతమని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సూపర్ మార్కెట్ లోపల మంచు కురిసినట్టు చల్లగా ఉంది. జనార్ధన్ తెల్ల బట్టల్లో, బుగ్గన పాన్‌తో, వచ్చినవాళ్లకు దండాలు పెడుతున్నాడు. తమ్ముణ్ని చూసి ఒక క్షణం తడబడ్డాడు.

"అరె, పరమేశా! రా రా. ఏం తీస్కుంటవ్?"

"అమ్మ పిలిస్తే వచ్చిన. నీ తాన తీస్కునేది ఏముంది? ఉన్నది నువ్వే తీస్కుంటివి గద."

"షురూ జేసినవా? దినాం ఉండేదే గద, గీ ఒక్కపూట ఇడిసిపెట్టు."

"పండు ఇడిసిపెట్టిన. గిది గూడ ఇడిసిపెట్టాల్నా?"

"ఇద్దరూ నోర్లు మూస్కోండ్రి" అంది లక్ష్మమ్మ.

అప్పుడే జనార్ధన్ కూతురు ప్రణీత నవ్వుతూ వచ్చింది. కాలేజీ పిల్ల. రెండు చేతుల నిండా ఐసులు. కొత్త రకమట, హైదరాబాద్‌లో కూడా ఇంకా సరిగ్గా రాలేదట. కర్రకు గుచ్చిన అచ్చమైన ద్రాక్షగుత్తి, ఒక్కో గింజా విడివిడిగా తీర్చినట్టు ఉంది. రంగు మాత్రం నేరేడు పళ్లు నలిపి పూసినట్టు. గాజు మూత ఐసుపెట్టె దగ్గర నిలబడ్డ షాపు అమ్మాయి వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి ఊరికే ఇస్తోంది.

"చిన్నాయినా, మీరొకటి" అంటూ ప్రణీత చెయ్యి చాపింది.

"ఏందది?"

"గ్రేప్ ఐస్."

లక్ష్మమ్మ మనవరాలి చేతిని మధ్యలోనే ఆపింది. "వానికి వద్దు బిడ్డా. కాశీల ఇడిసిన పండది. అండ్ల నిజం పండున్నదో, రంగునీళ్లే ఉన్నయో మనకెర్కనా? ముట్టొద్దు."

"ఐస్‌కు కూడా వర్తిస్తదా అవ్వా?"

"మీ తాతకు ఇచ్చింది. మళ్ల గుంజుకుంటరా?"

ప్రణీత భుజాలెగరేసి తను ఒకటి కొరికింది. కొరకగానే ఒక కన్ను మూసుకుపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి. "అమ్మో! చింతపండు గుజ్జు నోట్ల పెట్టినట్టుంది!" అని కర్రను దూరంగా పట్టుకుంది. లక్ష్మమ్మ మనవరాలి మీద నమ్మకం లేక కొస కొద్దిగా నాకి చూసి, "ఛీ, గిదేం పులుపే! దంతాలన్నీ జివ్వుమన్నయ్" అని కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురుగా షాపు వాళ్లు పిలిచిన తెల్ల చొక్కాల పెద్దమనుషులు కూడా మర్యాదకు నవ్వుతూనే ఐసుల్ని వెనక్కి దాచుకుంటున్నారు.

జనార్ధన్ పాన్ ఉమ్మివచ్చి, మూతి కడుక్కుని, ఒక ఐసు అందుకున్నాడు. సగం గుత్తి ఒక్క కొరుకులో తిన్నాడు. కళ్లు అరమూసి చప్పరించాడు.

"ఏందే మీరంత ఉలిక్కిపడుతున్రు? పులుపేడిది? చెక్కెర పానకం లెక్కుంటే!"

"డాడీ, జోక్ చేయకు."

"జోకేంది? మస్తు తీపున్నది. నీకొద్దంటే తే, అది గూడ తింట." అని కూతురి చేతిలోది కూడా తీసుకుని కటుక్కున రెండు గింజలు కొరికాడు. మొహంలో ఒక్క నరం కదల్లేదు. చల్లటి వస్తువు తింటున్న పిల్లవాడిలా హాయిగా ఉన్నాడు.

పరమేశ్ కదలకుండా చూస్తున్నాడు.

అబద్ధం ఆడుతున్నాడనుకుందామంటే ఎవరికోసం ఆడాలి? అడిగినవాడు లేడు, కొనేవాడు లేడు, ఊరికే ఇస్తున్న ఐసు. పైగా కూతురి ఎంగిలిది కూడా లాక్కుని తింటున్నాడు. అంటే ఈ మనిషికి నిజంగానే పులుపు తెలియడం లేదా? ఏళ్ల తరబడి సున్నం, జర్దా నమిలి నమిలి నాలుక చచ్చిపోయిందా? ఆనాడు తోటలో కూడా ఇదే నాలుకా?

కాదు. ఆడవాళ్లు గోరంత పులుపును కొండంత చేసి చెబుతారు, నిజానికి ఐసు తియ్యగానే ఉండొచ్చు. తెలుసుకోవడానికి దారి ఒక్కటే ఉంది. పెట్టెలోంచి కొత్తది తీసుకుంటే అది వేరే రుచి అనొచ్చు. అన్న కొరికినదే కావాలి.

రెండడుగులు ముందుకు వేసి జనార్ధన్ చేతిలోని ఐసును లాక్కున్నాడు.

"ఒరేయ్, ఎంగిలిది!" అన్నాడు జనార్ధన్.

"పరమేశా, నాయినకిచ్చిందిరా!" అని అరిచింది లక్ష్మమ్మ.

పరమేశ్ కొరికాడు.

మొదట చలి. ఆ తరవాత పులుపు నాలుక మీద కాదు, నేరుగా దవడల్లో దిగింది. చెవుల కింద నరాలు లాగేశాయి, పళ్లు పులిసిపోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మూతి బిగించి మింగాడు. ఇంత పులుపు! దీన్ని పానకం అన్నాడు వాడు. ఆనాటి ద్రాక్షపండు ఇందులో సగం పులుపు కూడా ఉండి ఉండదు.

వాడు అబద్ధం ఆడలేదు. అమ్మ తోడని చెప్పినప్పుడల్లా నిజమే చెప్పాడు. తెలిసి ముంచలేదు, వాడికి తెలియనే తెలియదు. పాన్ బుగ్గన పెట్టుకుని వచ్చిన నాలుకను పిలిచి, తోటంతా దాని చేతిలో పెట్టిందెవరు? రోషానికి పోయి తన నోరు తాను కుట్టుకున్నదెవరు? ఇన్నేళ్లు తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఏ గుమ్మం ముందు దించుకోవాలి?

జనార్ధన్ అమాయకంగా మొహంలోకి చూస్తున్నాడు. "ఎట్లుందిరా? నిజం జెప్పు. తియ్యగ లేదా?"

లక్ష్మమ్మ కొంగు దించింది. ముసలామెకు లెక్క తొందరగానే అందింది. ఒట్టు పోయిన దుఃఖంలోనే ఆమె కళ్లలో ఒక ఆశ మెరిసింది. చిన్నకొడుకు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"చెప్పు బిడ్డా. పుల్లగుందంటే ఇగ మీ ఇద్దరి నడుమ ఏం లేదు. వాని నోరే అసొంటిదని తేలిపోతది. చెప్పు. నాయిన గూడ ఏమనుకోడు."

ఒక్క మాట. అది అంటే తల్లి ఇవాళ ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం పెడుతుంది. సగం ఊరు నవ్వుతుంది, సగం ఊరు జాలిపడుతుంది. రేపటి నుంచి పరమేశ్ అంటే తోట పోగొట్టుకున్నవాడు కాదు, తోట పోగొట్టినవాడు.

పరమేశ్ మిగిలిన ఐసు కూడా కొరికాడు. నెమ్మదిగా నమిలాడు. కర్ర ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

"తియ్యగనే ఉంది" అన్నాడు.

"చూసిన్రా!" జనార్ధన్ సంబరంగా అందరివైపూ తిరిగాడు. "మావోనికి ఎర్కయింది! నేనేమన్న మరి? ఒక్క తల్లి పిల్లలం, ఒక్కటే నోరు!" అని తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

పరమేశ్ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"తియ్యటిదాన్ని తియ్యగుందని మంచిగనే పట్టినవన్నా. నీ నాలుకకు ఏ రోగం లేదు. గంత మంచి నాలుక ఉన్నోనివి, ఆనాడు పుల్లటి పండును తియ్యగుందని ఎట్లన్నవ్? తెలిసే అన్నవ్. ఇగ అమ్మ తోడని ఒట్లు వేయకు."

జనార్ధన్ కూతురి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. అతని పెదవుల చుట్టూ ఊదారంగు అంటుకుని ఉంది.

"చిన్నాయినా, అబద్ధం! అది మస్తు పుల్లగుంది" అంది ప్రణీత.

"పెద్దోళ్ల నడుమ నీకేం పనే? మీ నాయిన తియ్యగుందన్నడు. నేను తియ్యగుందన్న. నువ్వెవరు?"

లక్ష్మమ్మ ఇంకా చెయ్యి వదల్లేదు. కొడుకు మొహంలోకి పరీక్షగా చూసింది. "గట్లయితే కండ్లల్ల గా నీళ్లేందిరా?"

"సల్లగుందమ్మా. సల్లదనానికి."

ఆమె చెయ్యి తీసేసింది. పెద్దకొడుకు దగ్గరికి పోయి, కొంగుతో అతని మూతి తుడవడం మొదలుపెట్టింది, చిన్నపిల్లవాడికి తుడిచినట్టు. నలుగురూ చూస్తుండగా జనార్ధన్ అలాగే నిలబడి తుడిపించుకున్నాడు. పరమేశ్ వైపు ఆమె మళ్లీ తిరగలేదు.

బయట ఎండ మొహాన కొట్టింది. పరమేశ్ ఆటో ఎక్కి కూర్చున్నాడు. మెట్ల దగ్గర నిలబడ్డ ఎవడో తెలిసినవాడు ఆపి అడిగాడు. "ఏం కాకా, లోపల కొత్త ఐసు ఇస్తున్నరంట. ఎట్లున్నది?"

మాట్లాడబోతే పళ్లకు గాలి తగిలి ప్రాణం జివ్వుమంది. అయినా నోరంతా తెరిచి, లోపలికి వినబడేట్టు చెప్పాడు.

"తియ్యగున్నదిరా. మస్తు తియ్యగున్నది."