ప్రిసిల్ల పాదం కడిగిన బేసిను

నేను ఒక ఇత్తడి బేసిన్ని. వెడల్పాటి మూతి, తక్కువ లోతు, పట్టుకోవడానికి రెండు చెవులు. మా పాస్టరు జెకర్యా అయ్యగారు మాత్రం నన్ను బేసిను అనరు, పళ్లెం అంటారు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినప్పుడు నీళ్లు పోసింది పళ్లెంలోనేనట. వినడానికి గొప్పగా ఉంటుంది కాబట్టి నేనూ కాదనలేదు.

పాలమూరు బజారులో రాజలింగం అనే కంచరి నన్ను చేశాడు. సుత్తితో కొట్టి కొట్టి రేకుకు ఈ రూపం తెచ్చాడు. దెబ్బలు తింటే గాని ఏదీ బాగుపడదని మనుషులు మమ్మల్ని చూపించి నీతులు చెబుతుంటారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేను రేకుని కనుక దెబ్బలతో నాకో ఆకారం వచ్చింది. దెబ్బలతో మనిషికి ఏ ఆకారం వస్తుందో నేను కళ్లారా చూశాను. అది చెప్పడానికే ఇవాళ నోరు తెరిచాను.

కంచరి దుకాణం నుంచి నన్ను మిషను ఆసుపత్రివాళ్లు కొన్నారు. కాన్పుల గదిలో నా ఉద్యోగం. అప్పుడే పుట్టిన పిల్లల్ని గోరువెచ్చని నీళ్లతో నాలో కడిగేవారు. కడిగే నర్సు లూదియమ్మ. చేతులు మెత్తన, నోరు గట్టి. ఎంత గట్టిగా గదమాయించినా బాలింతలు ఆమె చెయ్యి వదిలేవారు కాదు. కొన్నేళ్లకు ఆసుపత్రిలోకి స్టీలు తొట్లు వచ్చాయి. నన్ను పాత సామాను కింద తూకానికి వేస్తుంటే లూదియమ్మ అడ్డం పడి ఇంటికి తెచ్చుకుంది. అప్పటినుంచి నా కాపురం ఆమె మంచం కింద, నా కొలువు వాళ్ల చర్చిలో.

వాళ్లది మెన్నోనైట్ సంఘం. యుద్ధానికి వెళ్లరు, కత్తి పట్టరు, శత్రువు మీద కూడా చెయ్యెత్తకూడదంటారు. శాంతిని సమాధానం అంటారు. ఆ మాట వాళ్ల నోట ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేను. చర్చి గోడ మీద కూడా రాసి పెట్టుకున్నారు. ఆడవాళ్లకు స్త్రీల సమాజం ఉంది, దానికి పెద్ద లూదియమ్మ. వారానికోసారి కూడుకుంటారు. ఇంట్లో అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి, పోగైనవి చర్చికి తెస్తారు. తినడానికి లేనివాళ్ల ఇంట్లో ఆ బియ్యం ఉడుకుతాయి. ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడా వినబడదు. మనుషుల గొప్పల గురించి నేను చాలా విన్నాను గాని, నాకు నచ్చిన గొప్ప ఇదొక్కటే.

ఇక నా కొలువు సంగతి. వాళ్లు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారానికి ముందు, శనివారం మధ్యాహ్నం సిద్ధపాటు కూడిక ఉంటుంది. ఎవరికైనా ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే ఆ రోజే సమాధానపడాలి. తర్వాత ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. కడిగి, తువాలుతో తుడిచి, కౌగిలించుకుని, వందనాలు చెప్పుకుంటారు. ఇందులో ఒక తమాషా ఉంది. ప్రతివాళ్లూ ఇంటి దగ్గరే వాసన సబ్బుతో పాదాలు రుద్దుకుని వస్తారు. మడమల పగుళ్లకు నూనె రాసుకుంటారు. నా దగ్గరికొచ్చేసరికి కడగడానికి ఏమీ మిగలదు! అయినా కడుగుతారు, అయినా కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

వాళ్లందరిలో తన పాదాలు నాలో పెట్టనిది ప్రిసిల్ల ఒక్కతే. వంతు వచ్చినప్పుడల్లా వంగి ఎదుటివాళ్ల పాదాలు కడిగేది, తనవి అడిగితే చీర అంచు కిందికి లాక్కుని జలుబనేది. ఎంత వినయమో చూడండని అందరూ మురిసిపోయేవారు. వంగినప్పుడు ఆమె చీలమండ మీద కమిలిన మచ్చలు నా నీళ్లలో కనబడేవి. చూసింది నేనొక్కదాన్నే.

ఆమె భర్త తిమోతి. చర్చిలో హార్మోనియం అతనిదే. అతను పాడితే ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. కత్తి పట్టనివాళ్ల ఇంట పుట్టాడు కాబట్టి కత్తి పట్టలేదు, చేతికి ఏది దొరికితే అది పట్టేవాడు. పక్కింటివాళ్లు విని లూదియమ్మతో చెప్పేవారు. ఆమె స్త్రీల సమాజాన్ని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లేది. పాటలు పాడేవారు, ప్రార్థన చేసేవారు, మొగుడూ పెళ్లాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరినొకరు క్షమించుకోమనేవారు. అతను వెక్కి వెక్కి ఏడ్చేవాడు. తప్పేమిటో తెలియకపోయినా ఆమె కూడా తప్పయిందనేది. ఇద్దరి చేతులూ కలిపి, టీ తాగి, మంచిపని చేశామన్న తృప్తితో వీళ్లు ఇళ్లకు వచ్చేవారు. ఇంటికొచ్చాక లూదియమ్మ, ఇంకో కొంప నిలబెట్టానని గోడకేసి చెప్పుకుంటుంటే మంచం కింద నేను వినేదాన్ని.

ఒకరోజు పట్టపగలే ప్రిసిల్ల లూదియమ్మ గుమ్మంలోకి కుంటుకుంటూ వచ్చింది. కుడి పాదం వాచి నల్లబడింది, చర్మం చిట్లింది. ఈసారి అతను పట్టింది రోకలి. లూదియమ్మ అయ్యో బిడ్డా అంటూ లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. అలవాటు కొద్దీ చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టబోయింది.

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత, మళ్ల మా ఇద్దర్ని కూసోబెట్టకు," అంది ప్రిసిల్ల. "మీరు ప్రార్థన చేసి పోయినంక ప్రతిసారి, ఊర్ల నా ఇజ్జత్ తీసినవని ఇంకింత కొడ్తడు."

లూదియమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఆమెను ఎన్నో ఏళ్లుగా ఎరిగినదాన్ని, ప్రార్థన మానుకుని లేవడం అప్పుడే చూశాను.

ప్రిసిల్ల అక్కడే ఉండిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించారు. ఇంతలో బల్ల ఆదివారం దగ్గరపడింది. శనివారం సిద్ధపాటు కూడికకు సంఘపెద్దలంతా ముందే మాట్లాడుకుని వచ్చారు. అయ్యగారు లేచి, భార్యాభర్తలు విడిగా ఉంటే సంఘానికి మచ్చ అనీ, ఇవాళే సమాధానపడాలనీ చెప్పారు. గుర్తుగా ప్రిసిల్ల అందరి ముందూ భర్త పాదాలు కడుగుతుంది, కూడిక కాగానే అతను ఆమెను ఇంటికి తీసుకెళతాడు. ఆడవాళ్లు మగవాళ్ల పాదాలు కడిగే ఆచారం ఆ చర్చిలో ఏనాడూ లేదు. ఆచారం మార్చడానికి వీల్లేదని గంటలకొద్దీ వాదించే పెద్దలకు, ఇది మార్చడానికి ఒక్క నిమిషం పట్టలేదు.

నన్ను తెచ్చి తిమోతి ముందు పెట్టారు. అతను ప్యాంటు మడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పాదాలు నాకు కొత్తవి కావు. కాన్పుల గదిలో అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు నాలోనే తడిశాయి. అప్పుడు అవి నీళ్లను మాత్రమే తన్నేవి.

ప్రిసిల్ల లేచింది. పెద్దలు చెబితే లేవడం తప్ప ఆమెకు ఇంకోటి తెలియదు. గోడ పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. మోకరించబోతే కట్టు కట్టిన కాలు మడతపడలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. నొప్పికి పెదవి కొరుక్కుంది. ఈ పిల్ల ఇప్పుడు వంగిందంటే ఈ సాయంత్రమే ఆ ఇంటికి పోతుంది, పోతే మళ్లీ గుమ్మం దాటి రాలేదు. నా నీళ్లు ఒలికిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! ఇత్తడి బేసిను కోరుకుంటే ఏమవుతుంది?

లూదియమ్మ లేచి వచ్చింది. నా రెండు చెవులూ పట్టుకుని తిమోతి ముందునుంచి ఎత్తేసింది. ప్రిసిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను ఆమె ముందు పెట్టి, తాను నేల మీద కూర్చుంది. కట్టు విప్పింది. చర్చి అంతటికీ ఆ పాదం కనబడింది. మగవాళ్ల వైపు ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. లూదియమ్మ దోసిలితో నీళ్లు తీసుకుని, గాయానికి తగలకుండా చుట్టూ మెల్లగా పోసింది.

"అమ్మా, క్షమాపణ లేకుండా బల్ల దగ్గరికి ఎలా వస్తామమ్మా?" అన్నారు అయ్యగారు.

"క్షమించుడు ఆమెకు దేవునికి నడుమ, అయ్యగారూ. మనం బలిమిన ఇప్పించేది కాదు," అంది లూదియమ్మ, తలెత్తకుండానే. "ఇద్దరు కొట్లాడుకుంటె సమాధానం చెయ్యాలె. ఈడ కొట్లాట ఏడున్నది? ఒకడు కొట్టుడు, ఒకామె తినుడు. నాకిది తెల్వక ఇన్నేండ్లు పాటలు పాడి పాడి ఈ బిడ్డను మళ్ల అదే ఇంట్ల ఇడిసిపెట్టి వచ్చిన. ఇగ ఇడిసిపెట్ట."

తర్వాత ప్రిసిల్ల మొహంలోకి చూసింది. "బిడ్డా, నువ్వు చెప్పు. పోతవా?"

అంతవరకూ ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. పెద్దలు అడగలేదు, సమాజం అడగలేదు. ప్రిసిల్ల కళ్లనీళ్లు జలజలా నాలో పడ్డాయి.

"పోను," అంది.

తిమోతి ఏడుపు మొదలుపెట్టాడు. బాగానే ఏడ్చాడు. ఈసారి మాత్రం ఎవరూ దగ్గరికెళ్లి భుజం తట్టలేదు. స్త్రీల సమాజంవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి ప్రిసిల్ల బెంచీ చుట్టూ నిలబడ్డారు. ఈ బిడ్డకు నెమ్మది లేనంతవరకూ తమకూ లేదనీ, రేపు బల్ల దగ్గరికి రామనీ చెప్పారు. వాళ్లలో గుక్కతిప్పుకోకుండా ప్రార్థన చేయగలవాళ్లు ఉన్నారు గాని, పెద్దలకు ఎదురు మాట్లాడినవాళ్లు లేరు. అయినా ఎవరూ వెనక్కి వెళ్లి కూర్చోలేదు. కత్తి పట్టకుండా ఎలా నిలబడాలో ఆ సంఘంలో నిజంగా తెలిసినవాళ్లు ఎవరో నాకు అప్పుడు అర్థమైంది.

అయ్యగారు మంచి మనిషి. కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది, అంతే. మర్నాడు బల్ల మీద రొట్టెకు కప్పిన తెల్లగుడ్డ తీయలేదు. రొట్టె విరవడానికి తనకు చెయ్యి రావడం లేదని చెప్పి కూర్చున్నారు. సోమవారం ప్రిసిల్లతో లూదియమ్మ పోలీసు ఠాణాకు వెళుతుంటే, చెప్పులు వేసుకుని తానూ వెనకాలే బయలుదేరారు. హార్మోనియం ముందు ఇప్పుడు ఇంకొకరు కూర్చుంటున్నారు. తిమోతి అంత బాగా పాడరు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

చర్చి వెనక హాస్టలు తాలూకు పాత గది ఒకటి ఖాళీగా ఉండేది. సమాజంవాళ్లు దానికి సున్నం వేసి, మంచాలు వేసి, లోపలివైపు గట్టి గొళ్లెం పెట్టించారు. పిడికెడు బియ్యం ఇప్పుడు ముందు అక్కడ ఉడుకుతాయి. ప్రిసిల్ల ఆ గది చూసుకుంటూ కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతోంది. నేను కూడా లూదియమ్మ మంచం కిందినుంచి అక్కడికి మకాం మార్చాను. సిద్ధపాటు కూడికకు తీసుకెళతారు, తిరిగి తెస్తారు.

మొన్న మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, పక్క మండలం నుంచి ఎవరో ఒకామె వచ్చింది. వాళ్ల సంఘం కాదు, వాళ్ల మతం కూడా కాదు. కాళ్లకు చెప్పుల్లేవు, చంకలో నిద్రపోతున్న పిల్ల. గుమ్మం బయటే నిలబడింది. ప్రిసిల్ల పిల్లను అందుకుని మంచం మీద పడుకోబెట్టి, నాలో చల్లటి నీళ్లు పోసి తెచ్చి, కుంటికాలు పక్కకు చాపుకుని నేల మీద కూర్చుంది. ఏం జరిగిందని అడగలేదు.

ఆమె మాత్రం అడిగింది. "అక్కా, నన్ను మళ్ల ఎన్నడు పొమ్మంటరు?"

"ఈడ పొమ్మనెటోళ్లు లేరు చెల్లె," అంది ప్రిసిల్ల. "కాలు ఇటు పెట్టు."