డాక్టరుగారి మూడు బాణాలు

పళ్ళ డాక్టరు ఆ ఊరి విలువిద్య సంఘానికి తొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడు. కారణం పెద్దదేం కాదు. ఆ పదవి కావాలని అడిగినవాడు ఆయన ఒక్కడే. ప్రతి ఆదివారం పొద్దున్నే తోలు చొక్కా తొడుక్కుని, మోచేతి దాకా తోలు పట్టీ బిగించి, అమ్ములపొది భుజాన తగిలించుకుని పావుగంట సేపు అద్దం ముందు నిలబడేవాడు. ఆ పావుగంటా ఆయన భార్య కారులో కూర్చుని ఉండేది. చొక్కా బొత్తాలు పడక ఆయన ఊపిరి బిగపట్టడం ఆవిడకి కిటికీలోంచి కనబడుతూనే ఉండేది.

భర్త మీద ఆవిడకి కోపం లేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషిని కాస్తయినా లెక్కలో పెట్టుకోవాలి. ఆవిడది ఉత్త చులకన.

వాళ్ళ క్లినిక్కుకి రెండు గదులు. ముందు గది, చల్లటి గాలి, మెత్తటి కుర్చీ ఆయనవి. వెనక గది, మైనం ముద్దలు, సుద్ద దుమ్ము, చిన్న గ్యాసు మంట ఆవిడవి. కట్టుడు పళ్ళు చేసేది ఆవిడ. రోగి అద్దం చూసుకుని మురిసిపోతుంటే "ఎలా ఉంది నా పనితనం?" అని అడిగేది ఆయన. ఆ వెనక గదిలోనే, అదే బల్ల మీద, శనివారం సాయంత్రాలు ఆవిడ మొగుడి బాణాలకి ఈకలు అతికించి, ఊడకుండా వాటి మొదట్లో దారం చుట్టేది. ఎనిమిదేళ్ళుగా అదే పని.

ఆసారి పోటీ కూడా ఎప్పటిలాగే మూతబడ్డ గోనెసంచుల మిల్లు వెనక మైదానంలో పెట్టారు. గడ్డి చుట్టల మీద, నడిమధ్య పసుపు, చుట్టూ ఎరుపు, నీలం వలయాలున్న కాగితాలు అంటించారు. డాక్టరు ఇరవై నిమిషాలు ప్రసంగించాడు. "మన దగ్గర యంత్రాలు లేవు, గురి చూపించే అద్దాలు లేవు. ఉన్నదల్లా ఒక కర్ర, ఒక నారి, ఒక గుండె!" అన్నాడు. ఎండలో నిలబడ్డ ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మందికి ఆయన దగ్గర పంటి పని బాకీ ఉంది. భార్య రేకుల షెడ్డు కింద స్కోరు పుస్తకం ముందేసుకుని ఆవలించింది.

గురి దగ్గర నిలబడి అంకెలు కేకేసేవాడు ఆవిడ తమ్ముడు. బావ మాటకి గంగిరెద్దులా తలూపడం తప్ప అతను ఈ లోకంలో మరో విద్య నేర్చుకోలేదు. బావ బాణానికీ గీతకీ మధ్య బొటనవేలు దూరేంత సందున్నా "తగిలిందక్కా, రాసేసుకో" అనేవాడు. ఆవిడ రాసేసేది. నక్కకి నాగలోకానికి ఉన్నంత దూరమున్నా సరే, రాసేసేది. వాళ్ళ ఆటకి వాళ్ళే రాజులు, తనకెందుకు?

కాని ఆ రోజు ఒక చిక్కొచ్చింది. మూడు నెలల క్రితం సంఘంలో చేరిన లిఫ్టు మెకానిక్కు, గోళ్ళలో గ్రీజుతోనే వచ్చి, ఎవరితో మాటా మంతీ లేకుండా ఒక్కొక్కరినే ఓడించుకుంటూ ఫైనలు దాకా వచ్చేశాడు. ఎదురుగా డాక్టరు. ఇద్దరూ ఒకే గురి మీద, ఈల ఊదగానే, నిమిషంలో చెరి మూడు బాణాలు వెయ్యాలి.

గీత దగ్గరికొచ్చాక మెకానిక్కు ఆగాడు. "డాక్టరుగారూ, మీ బాణాలకీ ఎర్ర గీతే, నావాటికీ ఎర్ర గీతే. తర్వాత కలిసిపోతాయేమో. ఓ దారం ముక్కన్నా కట్టుకోనా?"

డాక్టరు చుట్టూ చూసి నవ్వాడు. "ఎందుకయ్యా! పసుపు మధ్యలో ఉన్నవి నావి. మిగిలినవి నీవి."

ఇరవై మందీ పగలబడి నవ్వారు. ఈల మోగింది.

సూర్యుడు సరిగ్గా గురి వెనక ఉన్నాడు. బాణాలు వెళ్ళడం ఎవరికీ కనబడలేదు, ఠప్ ఠప్ మని చప్పుళ్ళు మాత్రం వినబడ్డాయి. తీరా చూస్తే, పసుపు మధ్యలో మూడు బాణాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. నీలంలో ఒకటి. కాగితం అంచున ఒకటి. ఆరోది గురి దాటి గడ్డిలో పడింది.

డాక్టరు అందరికన్నా ముందు నడిచి వెళ్ళి పసుపులోని మూడూ పెరికి పైకెత్తాడు. సంఘం హోరెత్తింది.

"రాయక్కా! బావకి ముప్పైకి ఇరవై తొమ్మిది!" అని కేకేశాడు తమ్ముడు.

మెకానిక్కు నోరు తెరిచి, ఆ ఇరవై మొహాలూ చూసి, మూసుకున్నాడు.

ఆవిడ కలం కింద పెట్టింది. షెడ్డులోంచి లేచి ఎండలోకి నడిచింది. "అవి ఇలా ఇవ్వండి," అంది.

"ఎందుకు?"

"ఇవ్వండి."

తీసుకుని ఈకల మొదలు చూసింది. తర్వాత గడ్డిలో వెతికి ఆరో బాణం తెచ్చింది. గురిలో మిగిలిన రెండూ పీకింది. ఆ మూడూ ఒక చేతిలో, ఈ మూడూ ఒక చేతిలో పట్టుకుంది.

"నాది ఎడమచేతి వాటం. నేను చుట్టిన దారం ఎడమవైపు తిరుగుతుంది," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "గడ్డిలో పడ్డది, అంచున గుచ్చుకున్నది, నీలంలోది, మూడూ నేను చుట్టినవి. పసుపులోవి కుడికి తిరిగాయి. అవి ఆయనవి." మెకానిక్కు వైపు చూపించింది.

"అక్కా! నలుగురిలో ఏంటిది?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోరుముయ్యి. కళ్ళెలాగూ మూసుకునే ఉన్నావు."

ఆవిడ మొగుడి మొహం చూసింది. దొంగ దొరికినప్పుడు ఉండే బెదురు అందులో లేదు. ఆయన నిజంగానే తెల్లబోయాడు. మధ్యలో ఉన్నవి తనవేనని మనస్ఫూర్తిగా నమ్మాడు. దొంగయితే కనీసం ఆ పాటి తెలివన్నా ఉందనుకునేది. ఇంతకాలం ఆ కట్టుడు పళ్ళు కూడా తనే చేశానని ఇలాగే నమ్మి ఉంటాడు. ఈ మనిషికా నేను శనివారాలన్నీ ధారపోశాను అనుకుంది. మొదటిసారి ఆ చులకన తన మీదికి కూడా తిరిగింది. అది మాత్రం కొంచెం నొప్పి పెట్టింది.

చివరికి సంఘం కార్యదర్శి, రిటైరైన హెడ్‌మాస్టరు, గొంతు సవరించుకున్నాడు. "ఎవరి మనసూ నొప్పించకుండా, ఇద్దరూ గెలిచినట్టు ప్రకటిద్దాం." గోడ మీది పిల్లులన్నీ ఒక్కసారిగా హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టాయి.

"కప్పు డాక్టరుగారినే ఉంచుకోమనండి," అన్నాడు మెకానిక్కు. "నా బాణాలు నాకిప్పించండమ్మా. ఒకచోట లిఫ్టు ఆగిపోయింది, ఐదింటికల్లా వెళ్ళాలి."

ఆవిడ ఇచ్చింది. అతను వాటిని పాత బట్టతో తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మైదానం వైపు రాలేదు.

కారులో మొదటి సిగ్నలు దగ్గర డాక్టరు చేతి తోలు పట్టీ విప్పుకున్నాడు. రెండో సిగ్నలు దగ్గర, "ఎదురుగాలి ఉంది కదా," అన్నాడు. మూడో సిగ్నలు దగ్గర, "అసలు అతను నా కాలు కదిలే టైముకే వదిలాడు, గమనించావా?" అన్నాడు. ఇంటి సందు తిరిగేసరికి ఆయన మళ్ళీ గెలిచాడు.

"వచ్చే వారం నుంచి నేను రాను," అంది ఆవిడ. "ఈకలు మీరే అతికించుకోండి."

"నాకెలా వస్తుంది? నేనెప్పుడూ చెయ్యలేదుగా!" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

"తెలుసు."

ఆయన దుకాణంలో ప్లాస్టిక్ ఈకల బాణాలు కొన్నాడు. ప్లాస్టిక్ వాడకూడదన్నది సంఘం నియమం. రెండు వారాల్లో సంఘం ఏకగ్రీవంగా ఆ నియమం మార్చేసింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అన్నం తింటుంటే తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, బావ గెలిచాడు! ఈసారి నిజంగా. ఒక్క గొడవ లేదు."

"ఎవరి మీద?"

"ఫైనలుకి రెండోవాడు రాలేదక్కా," అన్నాడు.

"బాణాలు వేశాడా?"

"మూడూ వేశాడు."

"తగిలాయా?"

"ఒకటి... దగ్గర దగ్గర."

ఆవిడ ఫోను పెట్టేసి, ఇంకో ముద్ద కలుపుకుంది.