ఎర పంట

పురుగుల శాస్త్రం చదివినవాళ్లు పెట్టే పేర్లు చాలావాటికి మనలాంటివాళ్లకు నోరు తిరగదు. ఉన్న కాసిని తేలిక మాటల్లో ఎర పంట ఒకటి. మనకు కావలసిన మొక్కల పక్కనే, పురుగుకు అంతకన్నా ఇష్టమైన మొక్కను పెంచుతారు. పురుగు పోయి దాని మీద పడుతుంది. నిండా పట్టాక దాన్ని పీకి, మూటకట్టి, తగలబెడతారు. అసలు పంట బతికిపోతుంది. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతే. అర్థం కావాలంటే ముందు ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

ఒకావిడకు మొక్కల నర్సరీ ఉంది. భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. వెనకవైపు గాజు షెడ్డులో, చలి మొదలవగానే పై ఆకులన్నీ పువ్వుల్లా ఎర్రబడే మొక్కలు పెంచేది. ఆ ఎరుపు ఆవిడ సొంతం. ఏటా గింజలు మొలిపించి, వచ్చినవాటిలో ముదురు రంగువి ఏరి, మళ్లీ వాటి గింజలే వేసుకుంటూ, ఇంకెవరి దగ్గరా దొరకని రంగు రప్పించింది. తెల్లదోమకు ఆ మొక్కలంటే ప్రాణం. వంగ మొక్కలంటే ఇంకా ప్రాణం. అందుకే షెడ్డు మూలల్లో వంగ కుండీలు పెట్టింది.

ఆవిడ అల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఆ కొట్టు మూతపడ్డాక అత్తగారి దగ్గరే పనిలో కుదిరాడు. ఇల్లరికం అన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ అతని చెవుల్లో మోగుతూనే ఉండేది. మరలు విప్పి బతికినవాడికి ప్రతిదానికీ కారణం కావాలి. నీళ్లు పొద్దున్నే ఎందుకు పొయ్యాలి? కొమ్మ ఇక్కడే ఎందుకు కత్తిరించాలి? ఆవిడ అతనికి ‘ఎందుకయ్య’ అని పేరు పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ల ముందు కూడా అలాగే పిలిచేది. ఒకసారి పూలమొక్కల మధ్యలో వంగ ఎందుకని అడిగాడు.

“నీ కూరకి!” అని పగలబడి నవ్వింది. మొక్కలు ఎక్కించుకుంటున్న వ్యాను డ్రైవరూ నవ్వాడు.

ఆ రోజుతో అతను నోటికి తాళం వేసుకున్నాడు. ఇక ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా చెయ్యాలనుకున్నాడు. ఒక్కసారైనా ఆవిడ చేత ‘బాగా చేశావు’ అనిపించుకోవాలి, అతనికి కావలసింది అదొక్కటే. ఆవిడను అడిగితే మాత్రం ఇందులో తన తప్పేముందని అనేది. నవ్వొచ్చే మనిషి ఇంట్లో ఉంటే నవ్వకుండా ఎలా ఉంటారు?

మోకాలి ఆపరేషనుకని ఆసుపత్రిలో చేరుతూ, ఆవిడ తప్పనిసరై షెడ్డు తాళాలు అల్లుడి చేతిలో పెట్టింది. తోడుగా కూతురు వెళ్లింది. అతను మొక్కల్ని కంటికి రెప్పలా కాచాడు. దోమ కోసం వేలాడదీసిన జిగురు అట్టలు తెల్లగా నిండిపోతున్నాయని గమనించి, ఫోన్ చేసి చెప్పాడు.

అవతల ఆవిడకు కట్టు మారుస్తున్నారు. ఒకపక్క నొప్పి, ఇంకోపక్క ఎవరిదో టీవీ గోల. మామూలుగానే కోపం వస్తే ఆవిడ నోట్లో ఒత్తు లేని అక్షరాలకు కూడా ద్విత్వం వచ్చేస్తుంది.

“ముదిరేదాకా చూస్తూ కూర్చున్నావా? ఎర పంట మొత్తం పీకెయ్! సంచుల్లో కట్టి తగలబెట్టెయ్. ఒక్కటి కూడా ఉంచకు.”

అతనికి ‘ఎర్ర పంట’ అని వినిపించింది. ఎర పంట అనే మాట అతను పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదు. ఎర్ర పంటైతే కళ్లెదుటే షెడ్డు నిండా ఉంది.

“మొత్తమా, అత్తయ్యా?”

“మొదలెట్టావూ, ఎందుకయ్యా! చెప్పింది చెయ్యి.”

ఫోన్ పెట్టేసింది. అతను ఒక్కొక్క మొక్కా ఆకులు తిప్పి చూశాడు. అక్కడక్కడా దోమ ఉన్న మాట నిజమే. పురుగు పట్టింది ఉంచకూడదని ఆవిడే ఎప్పుడూ అంటుంది. మళ్లీ ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్లి, ఆగి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత పీకడం మొదలుపెట్టాడు. గింజల కోసం విడిగా ఉంచిన తల్లి మొక్కల్ని కూడా వదల్లేదు. వెనక డ్రమ్ములో ఆఖరి సంచి కాలిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. కూరకి పనికొస్తాయి కదాని వంగ కుండీలకు మాత్రం శుభ్రంగా నీళ్లు పోశాడు. ఇంటికెళ్లి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

ఆవిడ చేతికర్ర ఊతంతో తిరిగొచ్చిన రోజున అతనే ముందు నడిచి షెడ్డు తలుపు తీశాడు. బల్లలన్నీ బోసిగా ఉన్నాయి. మూలల్లో వంగ ఏపుగా ఉంది. ఆకుల అడుగున పిండి చల్లినట్టు దోమ.

“ఏవయ్యా మొక్కలు?”

“పీకేశానండీ, మీరు చెప్పినట్టే. ఎర్ర పంట మొత్తం.”

ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“ఎర్ర కాదయ్యా. ఎర. చేపకి వేస్తామే, ఆ ఎర. దోమ వంగ మీదికి పోతుందని పెట్టాను. ఆ వంగ పీకమన్నాను.”

కాలింది ఏమిటో అప్పటికి గానీ అతనికి తెలియలేదు. ఆవిడకైతే ఏడుపు రాలేదు, తిట్టూ రాలేదు.

“నిక్షేపంలాంటి మొక్కల్ని పీకుతుంటే నీకు అనుమానమైనా రాలేదా?”

“వచ్చిందండీ.”

“వస్తే అడగొద్దూ?”

“అడిగితే నవ్వుతారు కదా, అత్తయ్యా.”

నిష్ఠూరంగా అన్న మాట కాదది. ఫ్రిజ్‌లో ఏ వైరు పోయిందో చెప్పినట్టు చెప్పాడు. సిగ్గేసింది ఆవిడకి. ఈ వయసులో, అల్లుడి ముందు, ఖాళీ బల్లల మధ్య, బాగా సిగ్గేసింది. బోర్లించిన కుండీ మీద మెల్లగా కూర్చుని, కర్ర పక్కన పెట్టింది.

“ఇప్పుడేం చేద్దామంటావ్?”

అతను వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

“నన్నేనా, అత్తయ్యా?” అన్నాడు.