మనిండ్ల మాటలు

లాస్‌పేటలోని ఇంటి హాల్లో యోగిత ఫోను ముందు కూర్చుంది. ఆన్‌లైన్ డిగ్రీలో ఆవేళ సోషియాలజీ పాఠం కులం గురించి. "మీ ఇంట్లో చూసింది ఒక్కటైనా దాచకుండా చెప్పండి," అని టీచరు తమిళంలో అడిగింది. మా ఇంట్లో అట్లాంటివి లేవని ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. యోగిత మాత్రం నిజం చెప్పేద్దామని గుండె దిటవు చేసుకుని మైకు తెరిచింది.

అప్పుడే మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కడిగిన మనిషి వాకిట్లోకి దిగాడు. హాల్లోనే ఉన్న తాత భక్తవత్సలం వంటింట్లోని అవ్వను కేకేశాడు. చుట్టూ తమిళం మాట్లాడే ఆ ఊళ్ళో, పరాయివాళ్ళ ఎదుట ఏదన్నా అనాలంటే ఆ ఇంట్లో తెలుగే అడ్డుతెర.

"ఏమే, వానికి టీ మన గ్లాసులో పోస్తావేమో! పేపర్ కప్పు యాడ పెట్టినావు?"

ఆ మాట క్లాసంతా వినబడింది. తోటి పిల్లలెవరికీ అర్థం కాలేదు. యోగిత ముఖం మాడిపోయింది. అయినా తలెత్తి, "మేడమ్, నేను చెప్పాలనుకున్నది ఇదే. మా తాత ఇప్పుడు ఏమన్నాడంటే..." అని తమిళంలో మొదలుపెట్టింది.

టీచరు నవ్వింది. ఎన్నడూ లేనిది, తెలుగులో మాట్లాడింది.

"ఉండనీలే పాపా. మనిండ్ల మాటలు వీళ్ళకెందుకు?"

యోగిత ఇంకా చెప్పబోయింది కానీ, ఆమె మైకును టీచరే ఆపేసింది. మళ్ళీ తమిళంలోకి మారి తరువాతి పేరు పిలిచింది.

తాత సంబరంగా వంగి ఫోనులోకి చూశాడు.

"ఏందీ, టీచరమ్మ మనోళ్ళేనా! ఇంక నీ చదువుకేం భయం లేదు పో."